చీకట్లో నడిచేవారి చేతిలోని టార్చిలైటుకు నిజమైన అంకెలు కావాలి: ఒక బహిరంగ లేఖ

భారత ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,
కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి,
ఎల్ఈడీ టార్చిలైట్లను తయారు చేసే, దిగుమతి చేసే, ఆన్‌లైన్‌లోనూ దుకాణాల్లోనూ అమ్మే సంస్థల బాధ్యులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కృష్ణా డెల్టా చివరి భూముల్లో, దివిసీమలో వరి పండించే రైతును. ఎగువవారి మడులు తడిసి మిగిలిన నీరే మా తూము దాకా వస్తుంది కాబట్టి, దాన్ని బోదెలోకి మళ్లించుకోవడానికి అర్ధరాత్రి, తెల్లవారుజామున గట్ల మీద నడవడం మా సేద్యంలో భాగం. మా పక్కనే రొయ్యల చెరువులున్నాయి. నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయేది తెల్లవారడానికి ముందు గంటల్లోనే కనుక, చెరువు కాపలావారు ఆ వేళలోనే గట్టు చుట్టూ తిరిగి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆడుతున్నాయో లేదో, రొయ్య పైకి తేలుతోందో లేదో లైటు వేసి చూసుకుంటారు. రాత్రిపూట పట్టాల వెంట గస్తీ తిరిగే రైల్వే సిబ్బంది, తెల్లవారకముందే వలలు సర్దుకునే మత్స్యకారులు, మన్యంలో ఊరికీ ఊరికీ మధ్య కాలిబాటన వెళ్లే ఆశా కార్యకర్తలు కూడా ఇలా నడిచేవారే. వీరిలో చాలామంది చేతిలో ఇప్పుడున్నది అరచేతిలో ఇమిడే, ఛార్జింగ్ పెట్టుకునే చిన్న ఎల్ఈడీ టార్చిలైటు.

అలాంటి టార్చిలైటును కొని, వానలోనూ బురదలోనూ వాడిన మీదట, దాని పెట్టె మీద రాసిన మాటలకూ అది చేసే పనికీ పొంతన లేదని నేను అమ్మిన సంస్థకు వివరంగా రాశాను. అందినట్టు జవాబు వచ్చింది. ఆ తర్వాత ఫిర్యాదు పరిష్కారమైనట్టు ఒక సందేశం వచ్చింది, కానీ నేను అడిగిన ఒక్క ప్రశ్నకూ అందులో సమాధానం లేదు. పెట్టె మీదున్న దిగుమతిదారు ఫోను నంబరు పనిచేయలేదు. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. గడువు లెక్క కాగితం మీద సరిపోయి ఉండవచ్చు గానీ పరిష్కారం మాత్రం జరగలేదు. మా చుట్టుపక్కల రైతులతో మాట్లాడితే వేర్వేరు పేర్లతో అమ్ముడైన టార్చిలైట్ల మీద అందరిదీ ఇదే అనుభవమని తెలిసింది. అందుకే ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. నా ఫిర్యాదు ఎల్ఈడీ టార్చిలైటు అనే వస్తువు మీద కాదు. మా నాన్నల కాలంలో మూడు సెల్లుల రేకు లైటు ఉండేది. సెల్లు కారి లోపలి స్ప్రింగు తుప్పు పట్టేది, కింద పడితే బల్బు పోయేది, వెలుగు పసుపుగా మసకబారేది. ఇప్పటి చిన్న టార్చిలైటు జేబులో పడుతుంది, చొక్కాకు క్లిప్పుతో తగిలించుకోవచ్చు. వెనక అయస్కాంతం ఉన్నదాన్ని మోటారు స్టార్టరు డబ్బాకు అంటించి, రెండు చేతులతో ఫ్యూజు వేసుకోవచ్చు. మా బంధువొకరు వాడుతున్న ఒక చిన్న టార్చిలైటు పెట్టె మీద వెలుగు ఎంతో, అది ఎంతసేపటికి తగ్గుతుందో, తగ్గాక ఎంత ఉంటుందో పట్టిక వేసి ఉంది, వాడకంలోనూ అది దాదాపు అలాగే పనిచేస్తోంది. నిజం చెప్పి అమ్మడం సాధ్యమేననడానికి అది చాలు. అయితే అలా నిజం రాసిన సంస్థ పక్కన అబద్ధం రాసిన సంస్థ సరుకు సగం ధరకు, ఇరవై రెట్లు పెద్ద అంకెతో కనిపిస్తుంటే, కొనేవాడు దేన్ని ఎంచుకుంటాడో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక వాస్తవాలు.

1. వెలుగు గురించి పెట్టె మీద రాస్తున్న అంకెలు నమ్మదగినవి కావు.

నేను కొన్న టార్చిలైటు పెట్టె మీద 10,000 ల్యూమెన్లు అని ఉంది. లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్. 500 ల్యూమెన్లని రాసి ఉన్న మా బంధువు లైటును, దీన్నీ ఒకే గదిలో తెల్లటి గోడ మీద పక్కపక్కన వేసి చూస్తే, మొదటి నిమిషంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొద్ది నిమిషాల తర్వాత నాదే వెలవెలబోయింది. ఇందులో వింతేమీ లేదు. ఎల్ఈడీకి వెళ్లే విద్యుత్తులో పెద్ద భాగం వేడిగా మారుతుంది. వేలెడంత లోహపు గొట్టం ఆ వేడిని ఎక్కువసేపు బయటికి పంపలేదు కనుక, సరైన సర్క్యూటు ఉన్న లైటు వెలుగును తానే తగ్గించుకుంటుంది, సర్క్యూటు లేనిది కాలిపోవచ్చు. కాబట్టి మొదటి క్షణంలో ఎంత వెలుగు అన్నది మాత్రమే చెప్పి ఊరుకుంటే, అది నిజమైన అంకె అయినా సగం సమాచారమే అవుతుంది.

దీన్ని కొలిచే పద్ధతి ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్ఎల్-1 అనే ప్రమాణం ప్రకారం, టార్చిలైటు వెలిగించిన 30 సెకన్ల తర్వాతే ల్యూమెన్లు కొలవాలి. పడే కాంతి 0.25 లక్సుకు, అంటే దాదాపు నిండు వెన్నెలంత స్థాయికి తగ్గే దూరాన్ని కాంతి దూరంగా రాయాలి. వెలుగు మొదటి స్థాయిలో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయాన్ని వెలిగే కాలంగా రాయాలి. కనీసం ఒక మీటరు ఎత్తు నుంచి పడేసి చూడాలి. ఇవన్నీ పాటించే తయారీదారులు ఉన్నారు. మన మార్కెట్లో మాత్రం ఆ ప్రమాణపు గుర్తులను పోలిన బొమ్మలను పెట్టె మీద అచ్చువేసి, వాటి పక్కన ఇష్టమొచ్చిన అంకె రాసినా ఎవరూ అడగడం లేదు.

2. సెల్లు మీద రాసే సామర్థ్యం కొన్నిచోట్ల భౌతికంగా అసాధ్యం.

చిన్న టార్చిలైట్లలో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం అయాన్ సెల్లు. ఆ పేరులోనే దాని కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న తయారీదారుల మంచి సెల్లులు ఈ కొలతలో 3,500 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం దగ్గర్లో ఉంటాయి. అదే కొలత సెల్లు మీద 9,900 అని అచ్చువేసి అమ్ముతున్నారు. ఆ అంకె చూసి కొన్నవాడికి రాత్రి సగంలోనే లైటు ఆరిపోతుంది.

ఈ లెక్క పదో తరగతి పిల్లలు కూడా చేయగలిగేదే. 3.6 వోల్టుల సెల్లులో 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉంటే అందులోని శక్తి సుమారు 12.6 వాట్ అవర్లు. ఒక వాట్‌కు 100 ల్యూమెన్లు ఇచ్చే మంచి ఎల్ఈడీతో 1,000 ల్యూమెన్ల వెలుగు నిలబెట్టాలంటే 10 వాట్లు కావాలి. అంటే మంచి సెల్లయినా గంటకు కొంచెం పైన మాత్రమే వస్తుంది. ఒకే సెల్లుతో అంతకు పదింతల వెలుగు పది గంటలు వస్తుందని పెట్టె మీద రాస్తే, ఆ మాట తప్పని తేల్చడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. అమ్మకానికి పెట్టేముందు సంస్థలో ఎవరో ఒకరు ఈ గుణకారం చేసి చూడాల్సింది.

నకిలీ సామర్థ్యం మోసంతోనే ఆగదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఊడదీసిన సెల్లులకు కొత్త తొడుగు వేసి అమ్మడం, అతిగా ఖాళీ కాకుండా, అతిగా ఛార్జి కాకుండా ఆపే రక్షణ సర్క్యూటు లేకపోవడం ప్రమాదానికి దారితీస్తాయి. ఇలాంటి లిథియం సెల్లు పూర్తిగా నిండినప్పుడు సాధారణంగా 4.2 వోల్టులు దాటకూడదు. ఆ హద్దు చూసుకునే భాగం లేని టార్చిలైటును రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి, పాక పక్కనో గడ్డివాము పక్కనో పడుకునే కుటుంబం ఎంత ముప్పులో ఉందో ఆ కుటుంబానికి తెలియదు. ఇలాంటి సెల్లులకు ఐఎస్ 16046 అనే భారత భద్రతా ప్రమాణం కింద నిర్బంధ రిజిస్ట్రేషన్ ఇప్పటికే అమల్లో ఉంది. నా టార్చిలైటులోని సెల్లు మీద మాత్రం ఆ ప్రమాణపు గుర్తూ లేదు, రిజిస్ట్రేషన్ సంఖ్యా లేదు, తయారీ తేదీ కూడా లేదు.

3. దూరం అన్న అంకె మనిషిని తప్పుదోవ పట్టిస్తోంది.

రెండు కిలోమీటర్ల దూరం కనిపిస్తుందని రాస్తున్నారు. పైన చెప్పిన కొలత ప్రకారం 200 మీటర్ల దూరం రావాలంటే కిరణం మధ్యలో 10,000 క్యాండెలాల తీవ్రత చాలు, రెండు కిలోమీటర్లకు మాత్రం పది లక్షల క్యాండెలాలు కావాలి. దూరం పదింతలైతే తీవ్రత వందింతలు కావాలన్నది కాంతి నియమం. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న అద్దంతో సాధారణ ఎల్ఈడీ అంత తీవ్రతను ఇవ్వలేదు. పైగా నిజాయితీగా కొలిచిన 200 మీటర్ల దగ్గర కూడా మిగిలేది వెన్నెలంత వెలుగే. అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ గట్టు తెగిందో లేదో తెలియదు.

దూరం అంకె కోసం పోటీపడి చేసిన జూమ్ లైట్లది మరో సమస్య. ముందు భాగాన్ని లాగగానే వెలుగంతా ఒక చిన్న చతురస్రంగా దూరాన పడి, కాళ్ల చుట్టూ చీకటే మిగులుతుంది. పొలం గట్టు మీద నడిచేవాడికి కావలసింది ఎదుట రెండు మూడు బారల మేర, రెండు పక్కలా పరుచుకునే వెలుగు. ఆ వెలుగు ఎంతో ఏ పెట్టె మీదా రాయరు. నా దృష్టిలో మొత్తం ల్యూమెన్ల కన్నా కూడా బయట పనిచేసేవారికి ఈ సమాచారమే ముఖ్యం.

4. రంగులు తెలియని వెలుగు పాముల చోట పనికిరాదు.

ఈ అంశం మీద కొంచెం ఎక్కువ రాయవలసి ఉంది, దయచేసి ఓపికతో చదవండి.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారు, అంటే సగటున ఏటా 58,000 మంది. ఆ మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది పెద్ద రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణను కలుపుకొని లెక్కించిన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే సరిగ్గా మేము ఊడ్పులకు, నీటి వంతులకు రాత్రిళ్లు తిరిగే నెలల్లోనే జరుగుతున్నాయి. 2018 వానకాలంలో మా అవనిగడ్డ ప్రాంతంలో పాముకాట్లు వరుసగా నమోదై వార్తలకెక్కిన సంగతి మీలో కొందరికైనా గుర్తుండి ఉంటుంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను కూడా ప్రకటించింది. రాత్రి నడిచేటప్పుడు టార్చిలైటు వాడమన్నది పాముకాటు నివారణ గురించి ఎవరు చెప్పినా మొదట చెప్పే సలహాల్లో ఒకటి. మరి ఆ టార్చిలైటు నాణ్యతను ఎవరు చూస్తారు?

రక్తపింజరి ఒంటి మీది గోధుమ, ఎరుపు కలిసిన మచ్చలు ఎండుగడ్డిలో, రాలిన ఆకుల్లో కలిసిపోతాయి. చవక టార్చిలైట్లలో వాడే నీలి ఛాయ తెల్లని ఎల్ఈడీలు ఎరుపు, గోధుమ రంగులను బాగా చూపలేవు. అవి వెలిసిపోయి, ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే సీఆర్ఐ అనే కొలత ఉంది. పగటి వెలుగుకు అది 100. 90 పైన ఉన్న ఎల్ఈడీతో గట్టు మీదికి వెళ్తే ఎండుగడ్డి వేరుగా, మట్టి వేరుగా, వాటి మీద ఉన్న ప్రాణి వేరుగా కనిపిస్తాయి. దానికి వెలుగు కొంత తగ్గుతుంది, అందుకే ల్యూమెన్ల పోటీలో తయారీదారులు దాన్ని వదిలేస్తున్నారు.  మా బంధువు లైటు కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది. నా దానికన్నా తక్కువ వెలుగని మొదట అనిపించినా, బోదె గట్టు మీద ఏముందో చూడడానికి అదే మెరుగని మేమిద్దరం ఒప్పుకున్నాం.

టార్చిలైటు ఒక్కటే పామునుంచి కాపాడుతుందని నేను అనడం లేదు. మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర, కాటు పడితే నాటు వైద్యం కాకుండా నేరుగా ఆసుపత్రి, ఇవన్నీ కావాలి. వీటిలో మేము డబ్బు పెట్టి కొనుక్కున్న రక్షణ ఒకటి అబద్ధమని తేలినప్పుడు మాకు కలిగే బాధను మీ ముందు పెడుతున్నాను.

5. నీటికి తట్టుకుంటుందన్న మాటకు ఆధారం ఉండడం లేదు.

ఐపీఎక్స్-4 అంటే చిలకరించే నీటికి తట్టుకోవాలి, ఐపీఎక్స్-7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదు. నా టార్చిలైటు పెట్టె మీద రెండోది ఉంది. ఒక మోస్తరు వానకే అద్దం లోపల ఆవిరి పట్టింది. ఛార్జింగ్ రంధ్రానికి వేసే రబ్బరు మూత వదులైపోయాక బురద నీరు లోపలికి పోయి ఛార్జింగ్ ఆగిపోయింది. మేము పనిచేసేది నీటిలోనే కనుక ఈ లోపం చిన్నది కాదు. చెరువు గట్టు మీద రాత్రి మూడు గంటలకు లైటు ఆరిపోయిన కాపలాదారు ఏరేటరు ఆగిన సంగతి వెంటనే చూడలేకపోతే, తెల్లారేసరికి ఆ పంట మొత్తం పోవచ్చు.

6. మీట నొక్కితే అనవసరమైన మిణుకులు వస్తున్నాయి.

ఆపాలనుకున్నప్పుడు మీట నొక్కితే మొదట మధ్య వెలుగు, తర్వాత తక్కువ వెలుగు, తర్వాత వేగంగా కొట్టుకునే మిణుకు, ఆ తర్వాత ఆపద సంకేతం, అన్నీ దాటాక గాని ఆరదు. జారే గట్టు మీద, ఒక చేతిలో పార పట్టుకున్నవాడి కళ్లెదుట వెలుగు కొట్టుకుంటే కాలు ఎక్కడ పెడుతున్నాడో తెలియదు. ఎదురుగా మోటారు సైకిలు మీద వచ్చేవారికీ అది ప్రమాదమే. మామూలు వాడకంలో ఒక నొక్కుకు వెలగాలి, ఒక నొక్కుకు ఆరాలి. జేబులో తనంతట తాను వెలిగి బట్టను కాల్చకుండా తాళం కూడా ఉండాలి.

7. సెల్లు మార్చుకునే వీలు, ఎక్కడైనా ఛార్జి చేసుకునే వీలు లేకుండా చేస్తున్నారు.

టైప్-సీ రంధ్రం ఉందని రాసిన నా టార్చిలైటు, రెండు వైపులా టైప్-సీ ఉన్న తీగతో, కొత్త ఫోను ఛార్జరుతో అసలు ఛార్జి కాదు. పాత రకం వెడల్పు పిన్నున్న తీగతోనే అవుతుంది. లోపల పెట్టవలసిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకపోవడమే దీనికి కారణం. వాటి ఖర్చు పైసల్లో ఉంటుంది. టైప్-సీకి భారత ప్రమాణాల సంస్థ ప్రమాణాన్ని ఇప్పటికే ప్రచురించింది కూడా. ఇక లోపలి సెల్లును అతికించేసి, మార్చడానికి వీల్లేకుండా మూసేసిన టార్చిలైట్లు మరీ ఎక్కువయ్యాయి. సెల్లు పోతే లైటు మొత్తం పారేయాలి. తీర ప్రాంతంలో ఉన్న మాకు ఇది ఇంకా బరువైన విషయం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు అదనపు సెల్లు జేబులో ఉన్నవాడికి వెలుతురు ఉంటుంది, మూసేసిన లైటు ఉన్నవాడికి ఉండదు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీల నిబంధన ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడకందారే తీసి మార్చుకునేలా ఉండాలి. అక్కడికి అలా చేసి పంపగలిగిన తయారీదారులు ఇక్కడికీ పంపగలరు.

8. గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే చవక లైట్ల సంగతి.

వీటిలో చాలా వాటికి కరెంటు నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. పగిలిన లైటును ప్లగ్గులో ఉండగా తడి చేత్తో తాకితే 230 వోల్టుల షాకు కొట్టవచ్చు. ఇంట్లో పిల్లలున్న చోట ఇవి ఉండకూడదు.

ఈ లోపాల్లో దేన్నీ సామాన్యుడు కొనేముందు పట్టుకోలేడు. దుకాణంలో పగటిపూట ఒక నిమిషం వెలిగించి చూస్తే అన్ని టార్చిలైట్లూ బాగానే ఉంటాయి. పొలంలో తేడా తెలిసేసరికి వెనక్కి ఇచ్చే గడువు అయిపోతుంది. కొనేవాడి దగ్గరున్న ఒకే ఆధారం పెట్టె మీది రాత. అందుకే మా కోరికలన్నీ ఆ రాతను నిజం చేయడం చుట్టూనే ఉన్నాయి.

భారత ప్రమాణాల సంస్థను కోరేవి:

1. దేశంలో అమ్మే ప్రతి ఎల్ఈడీ టార్చిలైటు వెలుగు, కాంతి దూరం, వెలిగే కాలం, పడినా నీటిలో తడిసినా తట్టుకునే గుణం, అన్నింటినీ ఒకే పద్ధతిలో కొలిచి రాయడం తప్పనిసరి చేయాలి. విదేశీ ప్రమాణాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే సరిపోదు. వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా ఎన్ని గంటలన్నది మాకు అంతగా ఉపయోగపడదు. వెలిగించిన 30 సెకన్లకు, 10 నిమిషాలకు, ఒక గంటకు ఎంతెంత వెలుగు ఉంటుందో మూడు అంకెలు పెట్టె మీద ఉండాలి. సీఆర్ఐ, వెలుగు ఛాయ కూడా రాయాలి.

2. టార్చిలైటుతో కలిపి అమ్మే లిథియం సెల్లు మీద ఐఎస్ 16046 రిజిస్ట్రేషన్ సంఖ్య, నిజమైన సామర్థ్యం, తయారీ నెల చదవగలిగేలా ఉన్నాయో లేదో మార్కెట్లో నమూనాలు కొని తనిఖీ చేయాలి. తనిఖీలు పెద్ద నగరాల దుకాణాలకే పరిమితం కాకుండా మండల కేంద్రాల్లో, వారపు సంతల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో కూడా జరగాలి. ఫలితాలను పేర్లతో సహా తెలుగులోనూ ప్రచురించాలి.

3. కళ్లకు హాని చేసే తీవ్రత ఉన్న లైట్ల మీద ఐఈసీ 62471 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం హెచ్చరిక రాయించాలి.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థను కోరేవి:

4. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మొదటిసారి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారాన్ని మీకు ఇచ్చింది. భౌతికంగా అసాధ్యమైన సామర్థ్యాలు రాసిన సెల్లులు, టార్చిలైట్ల ప్రకటనలపై ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా, మీ అంతట మీరు విచారణ మొదలుపెట్టాలి. ఇందులో శాస్త్రీయంగా తర్జనభర్జనలు అవసరం లేని కేసులే చాలా ఉన్నాయి. ఒకే 18650 సెల్లు మీద 9,900 అని రాసిన ప్రతి ప్రకటనా అలాంటిదే.

5. ఫిర్యాదు ముగిసిందని అమ్మకపు సంస్థ తనంతట తాను ప్రకటించుకునే పద్ధతి మారాలి. కొన్నవాడు ఒప్పుకుంటేనే ఫిర్యాదు ముగిసినట్టు లెక్కించాలి. ఫిర్యాదు తెలుగులో రాసినా స్వీకరించి తెలుగులోనే జవాబివ్వాలి, ఎందుకంటే ఈ వస్తువు ఎక్కువగా వాడేవారిలో ఆంగ్లంలో ఫారం నింపలేనివారే చాలామంది.

తయారీదారులు, దిగుమతిదారులు, అమ్మకపు సంస్థల బాధ్యులను కోరేవి:

6. ప్రమాణం వచ్చేదాకా ఆగవద్దు. కొలవని అంకెను ఈ రోజే పెట్టె మీద నుంచి, వెబ్‌సైటు నుంచి తీసేయండి. కొలిచినదాన్ని, ఎలా కొలిచారో చెప్పి రాయండి. మీలో నిజాయితీగా రాసేవారు ఇప్పటికే ఉన్నారు. వారికి నష్టం కలగకుండా చూడడం మీ అందరి బాధ్యత.

7. మార్చుకునే సెల్లు, సెల్లులోనో లైటులోనో రక్షణ సర్క్యూటు, ఏ తీగతోనైనా ఛార్జి అయ్యే టైప్-సీ, ఒక నొక్కుకు ఆరే మీట, కాళ్ల ముందు పరుచుకునే వెలుగు, రంగులు తెలిసే ఎల్ఈడీ, ఈ ఆరూ ఉన్న ఒక టార్చిలైటును పొలంలో పనిచేసేవారి కోసం తయారు చేయండి. వెలుగు 300 ల్యూమెన్లే ఉన్నా మాకు చాలు, అది గంటల తరబడి నిలకడగా ఉండాలి. దానికి కొంచెం ఎక్కువ ధర పెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాం. నాణ్యత లేనివి ఏటా కొత్తవి కొనడానికి మేము ఖర్చు చేస్తున్నది అంతకన్నా తక్కువేమీ కాదు.

8. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టే ముందు సెల్లు సామర్థ్యం, వెలిగే గంటలు, ల్యూమెన్లు ఒకదానికొకటి లెక్కకు సరిపోతున్నాయో లేదో సరిచూసే ఏర్పాటు మీ దగ్గరే ఉండాలి. సరిపోని వస్తువును అమ్మకం నుంచి తీసేయాలి, అప్పటికే కొన్నవారికి గడువుతో పనిలేకుండా డబ్బు తిరిగి ఇవ్వాలి. దిగుమతిదారు పేరు, చిరునామా, పనిచేసే ఫోను నంబరు లేని సరుకును అసలు పెట్టకూడదు.

జూన్‌లో కాలువలకు నీరు వదిలాక మేము మళ్లీ రాత్రిళ్లు గట్ల మీద ఉంటాం. ఆలోపు ఈ ఎనిమిది కోరికల్లో దేని మీద ఏం చేయబోతున్నారో, చేయలేనిది ఏదైనా ఉంటే ఎందుకు చేయలేరో, బహిరంగంగా, తెలుగులో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. పరీక్షకు అవసరమైతే నా టార్చిలైటును, దాని పెట్టెను, కొన్న రసీదును మీరు చెప్పిన ప్రయోగశాలకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను. మా చుట్టుపక్కల రైతులు కూడా తమవి ఇస్తామన్నారు.

ఇట్లు,
దివిసీమ చివరి భూముల రైతు